చెరిగిపోయిన మూడో పేరు

రేపల్లె
జూలై 14

చందూ తల్లికి, పెద్దమ్మ దీవెనలు.

ఆదివారం నువ్వు ఫోన్ చేసినప్పుడు బాగానే ఉన్నానని చెప్పి పెట్టేశాను. అది అబద్ధం. ఫోనులో అబద్ధం తేలిగ్గా వచ్చేస్తుంది, కాగితం మీద పెట్టబోతే చెయ్యి ఆగిపోతుంది. నువ్వు హాస్టల్లో ఉన్న రోజుల నుంచీ మనకిదే అలవాటు గదా, అసలు సంగతి ఉత్తరంలోనే.

భట్టిప్రోలు నుంచి శేషమ్మ అనే ఆవిడ మా ఆస్పత్రికి వస్తుంటుంది. నాట్లకు వెళ్ళే మనిషి. జూన్‌లో కాలికి గాజుపెంకు గుచ్చుకుని వచ్చింది. అప్పుడు కట్టు కట్టింది నేనే. ఏయే మందులు పడవని అడిగితే మూడు చెప్పింది. ఒకటి సల్ఫా బిళ్ళ, రెండోది ఒక నొప్పి మాత్ర, మూడోది ఒక యాంటీబయాటిక్ ఇంజెక్షను. ఆ ఇంజెక్షనుకి వెనకటికోసారి గొంతు వాచి చావు తప్పిందట. మూడూ నువ్వు మా ఆస్పత్రికి రాసిచ్చిన కంప్యూటర్ ప్రోగ్రాంలో నా చేత్తో కొట్టాను. నాకు బాగా గుర్తు.

మొన్న తొమ్మిదో తారీఖున ఆ కాలే చీము పట్టి, ఒళ్ళు తెలియని జ్వరంతో తీసుకొచ్చారు. నేను డ్యూటీలో లేను. ఏంజెల్ ఉంది, కొత్త పిల్ల. కంప్యూటర్ తీసి చూసిందట. పడని మందులు రెండే ఉన్నాయి. డాక్టరుగారు రాసిన ఇంజెక్షను ఇచ్చేసింది. అదే ఆ మూడోది. ఐదు నిమిషాల్లో ఒళ్ళంతా దద్దుర్లు, పెదవులు వాపు, ఊపిరి అందలేదు. డాక్టరుగారు పక్క గదిలోనే ఉన్నారు కాబట్టి దక్కింది. రెండు రోజులు ఆక్సిజన్ మీద ఉంచారు. ఇప్పుడు లేచి గంజి తాగుతోంది. దేవుడికి స్తోత్రం.

శేషమ్మ కూతురు వరండాలో అందరి ముందూ అంది, “పెద్ద సిస్టరుకి చెప్పామండి. ఆవిడ కంప్యూటర్లో రాసుకుంది కూడానండి.”

పూర్ణచంద్రరావు డాక్టరుగారు నన్ను పిలిచారు. “సుగుణమ్మగారూ, రాసుకోలేదా?” అన్నారు.

“రాశానండి.”

“మరి ఏదండి?”

చూస్తే నిజంగానే లేదు. చివరిసారి ఆ పేజీని మార్చింది ఎవరని చూస్తే నా పేరే ఉంది. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఏ డాక్టరూ నన్ను ఆ మాట అడగలేదు, చందూ.

ఆ ప్రోగ్రాం నీది గనక అడుగుతున్నాను. ఒకసారి రాసింది దానంతటదే చెరిగిపోతుందా?

పెద్దమ్మ


తెనాలి
జూలై 19

పెద్దమ్మా,

నీ ఉత్తరం చదివి చేస్తున్న పని పక్కన పెట్టేశాను. రెండు రోజులుగా అదే చూస్తున్నాను. ఉత్తుత్తి రోగుల్ని సృష్టించి మూడేసి, నాలుగేసి మందులు ఎక్కించి దాచాను, మళ్ళీ తెరిచాను. ముప్ఫై సార్లు చేసి ఉంటాను. ఒక్క పేరూ చెరగలేదు.

చెరగదు కూడా. ఎందుకో చెప్తాను. ప్రోగ్రాంలో ప్రతి రోగికీ ఒక పెట్టె లాంటిది ఉంటుంది, దాన్ని మేం ఆబ్జెక్టు అంటాం. పేరు, వయసు, పడని మందులు అన్నీ అందులో ఉంటాయి. ఆ మందుల జాబితాకు నేను ‘ప్రైవేటు’ అని రాసి పెట్టాను. అంటే బయటి నుంచి ఎవరూ నేరుగా చెయ్యి పెట్టి మార్చలేరు. మా సార్ మధుబాబుగారు కూడా చూసి, “ఇందులో లోపమేం లేదమ్మా, వాళ్ళ వైపే ఏదో జరిగుంటది,” అన్నారు.

కోపం తెచ్చుకోకు. రోజుకు వందమందిని చూస్తావు. రెండు కొట్టి మూడోది కొట్టబోతుండగా ఎవరో పిలిచి ఉంటారు. కొట్టేశాననే అనుకుని ఉంటావు. ఎవరికైనా జరుగుతుంది. డాక్టరుగారికి ఆ మాటే చెప్పు, అర్థం చేసుకుంటారు.

శేషమ్మగారు కోలుకున్నందుకు సంతోషం. నువ్వు వేళకు తిను.

చందన


రేపల్లె
జూలై 26

చందనకు,

నీ ప్రైవేటు తాళాల సంగతి నాకు తెలియదు. నేను చేసిన పని నాకు తెలుసు.

ఆ రోజు ఏం చేశానో వరసగా చెప్తాను. శేషమ్మ బల్ల మీద కూర్చుంది. ఆమె చెబుతుంటే మూడు పేర్లు కొట్టాను. కొట్టి పైకి చదివి వినిపించాను, అవునంది. దాచాను. తర్వాత మంచం దగ్గర తగిలించడానికి చిన్న చీటీ అచ్చు తీశాను. చీటీ మీద రెండు పేర్లే వచ్చాయి. అందులో చోటు అంతే, ఎప్పుడూ అంతే వస్తుంది గనక మూడోది పెన్నుతో కింద రాసి తగిలించాను. ఆ చీటీ అప్పుడే పారేశారు, లేకపోతే చూపించేదాన్ని. మళ్ళీ కంప్యూటర్ దగ్గరికొచ్చి, కట్టు కట్టిన సంగతి ఎక్కించి మళ్ళీ దాచాను. అంతే. నన్నెవరూ పిలవలేదు, నేను లేవలేదు.

నిన్ను మీ అమ్మ పోయాక తొమ్మిదో ఏట నా దగ్గరకి తెచ్చుకున్నాను. ఎవరేమన్నా పడగలను గానీ, ‘కొట్టేశాననుకుని ఉంటావు’ అని నువ్వు రాస్తే ఆ పూట అన్నం సయించలేదు.

సుగుణమ్మ


తెనాలి
ఆగస్టు 3

పెద్దమ్మా,

నన్ను క్షమించు. అలా రాసి ఉండకూడదు.

ప్రోగ్రాంలో చిన్న సవరణ ఒకటి చేసి మీ ఆస్పత్రికి పంపాం. ఇకమీదట అలాంటి ఇబ్బంది రాదు. నువ్వు దాని గురించి ఆలోచించకు. ఇక్కడ పని ఎక్కువగా ఉంది, ఎక్కువ రాయలేకపోతున్నాను. వానలు పడుతున్నాయి, తడవకు.

చందన


బాపట్ల
ఆగస్టు 12

చందూకి దీవెనలు.

మీ ఏసుపాదం మావయ్యకు మోకాలు నొప్పి. సెలవు పెట్టి నాలుగు రోజులు సాయంగా ఉందామని వచ్చాను. వాడు మాత్రం పొద్దున్నే లేచి తనే టీ పెట్టి నాకిస్తున్నాడు. ఆదివారం గుడిలో అందరూ నిన్ను అడిగారు.

నువ్వు చిన్న సవరణ అని రాశావు. సంతోషం. శేషమ్మ సంగతి సర్దుకుంది. ఎవరో ఒకరి పొరపాటు, అయిపోయింది. నువ్వింక దాన్ని తవ్వవద్దు. నీ ఉద్యోగం నువ్వు చక్కగా చేసుకో. మధుబాబుగారు మంచివాడన్నావు గదా, ఆయన దగ్గర పేరు నిలబెట్టుకో. నాకదే చాలు.

నిన్న ఇక్కడ బస్టాండులో రామబ్రహ్మంగారు కనిపించారు. చీరాల వైపు మగ్గం నేసే ఆయన, రేపల్లెలో కూతురి దగ్గర ఉంటారు, మా పాత పేషెంటు. ఈ నెల ఇరవై రెండున మా ఆస్పత్రిలోనే హెర్నియా ఆపరేషనట. “మీరుంటే నాకు ధైర్యమండి. నాకు పడనివి నాలుగూ మీకు తెలుసు,” అన్నారు. మే నెలలో కంప్యూటర్లో ఎక్కించానండి, భయం లేదని చెప్పాను. నేనుండనని మాత్రం చెప్పలేకపోయాను. అందులో ఒకటి మత్తుమందు.

ఇక్కడ గాలి బాగుంది.

పెద్దమ్మ


తెనాలి
ఆగస్టు 16

పెద్దమ్మా,

నీ ఉత్తరం ఇవాళ మధ్యాహ్నం అందింది. రామబ్రహ్మంగారి పేరు దగ్గర ఆగిపోయాను. ముందు ఆస్పత్రికి ఫోన్ చేశాను. ఏంజెల్ ఎత్తింది. ఆయన పేజీ తీసి చదవమన్నాను. రెండు పేర్లు చదివి ఆగింది. “ఇంకా?” అన్నాను. “అంతే ఉన్నాయక్కా,” అంది. ఆయనకు నాలుగు ఉన్నాయని, నేను వచ్చి డాక్టరుగారికి చెప్పేదాకా ఆయనకు ఏ మందూ ఇవ్వొద్దని, ఫోన్ పెట్టకుండా ఆ అమ్మాయి చేత పెద్దక్షరాలతో కాగితం మీద రాయించి ఆయన ఫైలుకు అంటింపజేశాను. ఇప్పుడు నీకు రాస్తున్నాను.

తప్పు నాది. నాకు జూలై ముప్ఫైనే తెలుసు.

నీ రెండో ఉత్తరంలో వరస చదివి, నువ్వు చేసినట్టే చేశాను. మూడు పేర్లు కొట్టాను, దాచాను, చీటీ అచ్చు తీశాను, మళ్ళీ వెనక్కి వచ్చాను. మూడోది లేదు. నేను అన్నిసార్లు చూశాను గానీ ఒక్కసారీ చీటీ తీయలేదు.

జరిగిందేమిటంటే, చీటీ అచ్చు వేసే భాగం ఆ పెట్టెను ‘మందుల జాబితా ఇవ్వు’ అని అడుగుతుంది. అప్పుడు పెట్టె ఒక నకలు తీసి ఇవ్వాలి. నేను అసలు జాబితానే చేతికిచ్చేలా రాశాను. చీటీలో రెండు వరసలకే చోటు ఉంది గనక, అచ్చు భాగం మిగతా పేర్లు తీసేస్తుంది. నకలైతే ఎంత తీసేసినా నష్టం లేదు. అది తీసేసింది అసలులోంచి. తర్వాత నువ్వు కట్టు సంగతి ఎక్కించి దాచినప్పుడు, ఆ తెగిన జాబితానే నీ పేరుతో భద్రంగా దాచుకుంది. ప్రైవేటు అని రాసుకున్నానని ఎంత ధీమాగా చెప్పానో గుర్తుందా? తలుపుకి తాళం వేసి, ఇంట్లో వస్తువు నేనే కిటికీలోంచి అందించాను.

ఆ రోజే మధుబాబుగారికి చూపించాను. ఆయన, “సరిచేసి పంపించేద్దాం. ఎవరూ అడగలేదు గదా, మనంతట మనం చెప్పడం ఎందుకు?” అన్నారు. నేను సరే అన్నాను. ఆయన బలవంతం చేయలేదు. నాకూ అదే కావాలనిపించింది. ఆ ‘చిన్న సవరణ’ అదే. దానివల్ల కొత్తగా చెరగడం ఆగింది. ముందే చెరిగిపోయినవి మాత్రం అలాగే ఉన్నాయి. అది నాకు తెలుసు. తెలిసీ ప్రతి రోజూ రేపు చూద్దామనుకున్నాను. పద్దెనిమిది రోజులు, పెద్దమ్మా.

ఇంకొకటి. నువ్వు సెలవు పెట్టే మనిషివి కాదు. సాయంత్రం మావయ్యకు ఫోన్ చేసి, మోకాలు ఎలా ఉందని అడిగాను. “నా మోకాలికేమైందమ్మా?” అన్నాడు. గట్టిగా అడిగితే చెప్పాడు. “నేనే చెరిపేసి ఉంటానని కాగితం మీద సంతకం పెట్టొచ్చిందమ్మా మీ పెద్దమ్మ. వద్దన్నా వినలేదు. ప్రోగ్రాం తప్పంటే పిల్ల ఉద్యోగం పోద్దిరా, నాకింక సర్వీసు ఉన్నది ఏడాదిన్నరేగా అంది.”

ఫోన్ పట్టుకుని ఆఫీసు మెట్ల మీద కూర్చుండిపోయాను. నేను నిన్ను తప్పు పట్టిన ఉత్తరం చదివాక కూడా నువ్వు ఆ సంతకం పెట్టావు.

రేపు మొదటి బండికి రేపల్లె వెళ్తున్నాను. మధుబాబుగారికి చెప్పాను. “నీ ఇష్టం,” అన్నారు. తల ఎత్తలేదు. ఏమైనా కానీ.

నీ చందు


రేపల్లె
ఆగస్టు 18

పెద్దమ్మా,

మీ సిస్టర్ల గదిలో, నువ్వు కూర్చునే కుర్చీలోనే కూర్చుని రాస్తున్నాను. ముందు మంచి మాట చెప్తాను. రామబ్రహ్మంగారికి నాలుగు పేర్లూ తిరిగి వచ్చాయి. డాక్టరుగారు మత్తుమందు మార్చారు. ఆయన నవ్వుతూ ఇడ్లీ తింటున్నారు.

నిన్న పొద్దున డాక్టరుగారి గది ముందు నిలబడ్డాను. లోపలికి పిలిచి, “సుగుణమ్మగారి అమ్మాయివి కదూ? ఎలా ఉన్నారావిడ?” అని అడిగారు. ఆ ప్రశ్నకే ఏడుపొచ్చింది. ఏడిస్తే చెప్పలేనని, నిలబడే అంతా చెప్పేశాను. ఆయన కంప్యూటర్లోనే మూడు పేర్లు కొట్టి, పాత ప్రోగ్రాంతో చీటీ తీసి చూపించాను. మూడోది పోయింది. ఇంకోసారి చేయమన్నారు. చేశాను. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

“మరి ఆవిడ సంతకం ఎందుకు పెట్టిందమ్మా?”

“నా కోసమండి.”

“నీకెప్పుడు తెలిసింది?”

“జూలై ముప్ఫై అండి.”

ఆయన అరవలేదు. అరిస్తే బాగుండేది. “శేషమ్మగారికి ఇంకో ఐదు నిమిషాలు ఆలస్యమై ఉంటే మనం ఇలా మాట్లాడుకుంటూ ఉండేవాళ్ళం కాదు. అది గుర్తుంచుకో,” అన్నారు. ఇంకాసేపటికి, “వచ్చావు. అదీ గుర్తుంచుకుంటాను,” అన్నారు.

ఆ తర్వాత ఇక ఖాళీ లేదు. ప్రోగ్రాం ఎవరు ఎప్పుడు దాచినా ఆ వివరాల నకలు ఒకటి పక్కన పెడుతుంది. ఏప్రిల్ నుంచి ఉన్న నకళ్ళన్నీ తీసి, ఇప్పటి పేజీలతో పోల్చి చూశాను. శేషమ్మగారు కాక పదకొండు మందికి పేర్లు పోయాయి. ఒక్కొక్కరికీ ఏంజెల్ ఫోన్ చేసి, వాళ్ళ నోటితో చెప్పించుకుని, నా జాబితాతో సరిచూసింది. ఒకాయన ఫోన్ ఎంతకీ ఎత్తలేదు. భయపడ్డాం. చివరికి వాళ్ళావిడ ఎత్తి, “పొలంలో ఉన్నారమ్మా, భేషుగ్గా ఉన్నారు,” అంటే ఇద్దరం ఒకరి చేతులు ఒకరం పట్టుకున్నాం. పదకొండు మందీ క్షేమం. ఎవరికీ ఏమీ కాలేదు.

మధ్యాహ్నం మధుబాబుగారు వచ్చారు. నాకు తెలియదు వస్తారని. డాక్టరుగారి ముందు కూర్చుని, “దాచమన్నది నేనండి, అమ్మాయి కాదు,” అన్నారు. నేను కాదండీ ఇద్దరమూ అన్నాను. బయటికొచ్చాక నాతో, “మనం చేసిన మిగతా ప్రోగ్రాంలన్నీ ఇలాగే చూడాలి. ఎక్కడెక్కడ అసలు బయటికి ఇచ్చేశామో. రేపటి నుంచి అదే నీ పని,” అన్నారు. అంటే ఉద్యోగం ఉంది, పెద్దమ్మా.

భట్టిప్రోలు కూడా వెళ్ళొచ్చాను. శేషమ్మగారు గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. చెప్పిందంతా విని, “కంప్యూటరు మరిచిపోయిందా? పెద్ద సిస్టరు కాదు గదా. నేనప్పుడే అనుకున్నాలే, ఆవిడ రాసుకునే మనిషని,” అంది. కూతురు మాత్రం నా వైపు చూడలేదు. అది న్యాయమే. వచ్చేటప్పుడు ఆమే మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది.

నీకు ఫోన్ చేయమని డాక్టరుగారిని అడిగాను. “ఫోన్లో చెప్పే మాట కాదు, నేనే బాపట్ల వెళ్తాను,” అన్నారు. ఈ ఉత్తరం కంటే ఆయనే ముందు వస్తారేమో. మంచి చీర కట్టుకుని ఉండు.

చందు


రేపల్లె
సెప్టెంబరు 8

చందూ తల్లికి,

ఆయన వచ్చినప్పుడు నేను పాత నైటీలో, తలకు నూనె రాసుకుని పెరట్లో ఉన్నాను. నీ ఉత్తరం రెండు రోజుల తర్వాత అందింది.

మీ మావయ్య కంగారుగా కుర్చీ తుడుస్తుంటే డాక్టరుగారు నిలబడే, “సుగుణమ్మగారూ, క్షమించమని అడగడానికి వచ్చాను,” అన్నారు. అయ్యో సార్, కూర్చోండి, అన్నాను. నాకింకేం తోచలేదు. నేను సంతకం పెట్టిన కాగితం కూడా తెచ్చారు. చించేస్తారనుకున్నాను. చించలేదు. కింద తన చేతి రాతతో, ఇందులో ఈమె తప్పు లేదని, రుజువైందని రాసి, తారీఖు వేసి సంతకం పెట్టి, మళ్ళీ ఫైల్లోనే పెట్టిస్తానన్నారు. సోమవారం వరండాలో అందరినీ పిలిచి చదివారు. ఏంజెల్ వెక్కి వెక్కి ఏడ్చింది. పిచ్చిపిల్ల, ఇన్నాళ్ళూ తనవల్లే అనుకుంటోందట.

నీ మీద కోపం పోయిందా అంటే, వెంటనే పోలేదు. పద్దెనిమిది రోజులు చాలా ఎక్కువ, చందూ. అది నీకు వేరే చెప్పక్కర్లేదు. అయితే రామబ్రహ్మంగారి ఆపరేషను రోజున నేను డ్యూటీలో ఉన్నాను. ఆయన మత్తులోంచి లేచి నీళ్ళడిగినప్పుడు, గ్లాసు అందిస్తుంటే ఒక సంగతి తట్టింది. నేనే చెరిపానని సంతకం పెట్టాను. అంటే ఇక వెతకొద్దని అందరికీ చెప్పినట్టే గదా. పెద్ద సిస్టరే ఒప్పుకున్నాక ఎవరు వెతుకుతారు? నువ్వు రాకపోతే ఆ తెగిన జాబితా చూసే ఆయనకు మత్తు ఇచ్చేవాళ్ళు. నిన్ను కాపాడుతున్నానని నేను చెప్పిన అబద్ధం, నువ్వు దాచిన దానికంటే పెద్దది. ఆ సంగతి డాక్టరుగారికీ చెప్పాను. “ఇద్దరూ ఒకే ఇంటివాళ్ళు,” అన్నారు. తిట్టారో మెచ్చుకున్నారో తెలియలేదు.

మంచం ఎక్కితే తెల్లారేదాకా మెలకువ రావడం లేదు. నిన్న రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను. మీ మావయ్య ఫోన్ చేసి, మోకాలు నిజంగానే నొప్పి పుట్టిందని, రమ్మని అంటున్నాడు. నమ్మడం లేదు.

నువ్వు మార్చిన ప్రోగ్రాం మంగళవారం నుంచి వాడుతున్నాను. మొదటి రోజే ఒకావిడ వయసు నలభై ఆరుకు అరవై నాలుగు కొట్టాను. దిద్దబోతే వెంటనే ఒప్పుకోలేదు. పాతది చెరపనని, కొత్తది దాని కింద చేరుస్తానని అంది. మార్చేది ఎవరు అని అడిగింది. సుగుణమ్మ అని కొట్టాను. ఎందుకు మారుస్తున్నారు అని అడిగింది. ఈ వయసులో నన్నిలా నిలదీసే వాళ్ళు ఇంకెవరూ లేరు. కాసేపు ఆలోచించి, ‘తొందరపడ్డాను’ అని రాశాను.

ఒప్పుకుంది.

పెద్దమ్మ